ఇరవయ్యారో నంబరు బంతి

ఆ వీధిలో ఆయన్ని అందరూ మైనం మామయ్య అనేవారు. ఫుట్‌బాల్ బంతులు కుట్టే షెడ్డులో ముప్పై ఏడేళ్ళు పనిచేశాడు. దారానికి మైనం రుద్ది రుద్ది కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఎండిన తోలులా గట్టిపడ్డాయి. ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా ఆ వాసన వదలదు. పని మానేసి నాలుగేళ్ళయినా వాసనా పోలేదు, పేరూ పోలేదు.

ఆయన ఇంట్లో ముందు గది మనుషులు కూర్చోవడానికి పనికిరాదు. మూడు గోడలకీ నేల నుంచి చూరు దాకా చెక్క అరలు. వాటినిండా ఒకే ఒక్క ఆట తాలూకు సామాను. నలభై ఒక్క ఏళ్ళ కిందట ఆ ఊరి జట్టు ఛాంపియన్‌షిప్ గెలిచింది. అంతకు ముందు ఎప్పుడూ గెలవలేదు, ఆ తర్వాతా గెలవలేదు. ఆ ఫైనల్ నాటి చిరిగిన టికెట్ ముక్కలు, రిఫరీ చిన్న పుస్తకంలోంచి ఊడిన కాగితం, మైదానం మూల పాతిన జెండా, కెప్టెన్ బూట్లు, ఓడిన జట్టుకిచ్చిన పతకం ఒకటి, అన్నీ వరసగా ఉండేవి. ప్రతిదాని ముందూ ఒక అట్టముక్క. దాని మీద అది ఎవరి దగ్గర దొరికిందో, ఎలా నిజమని తేలిందో చిన్న అక్షరాల్లో రాసి ఉండేది.

జట్టుకి దక్కిన కప్పు పాత ఇనుము కొట్టులో దొరికింది ఆయనకి. ఒక చెవి విరిగిపోయి, లోపల మేకులు పోసుకోవడానికి వాడుతున్నారు. తెచ్చి, మసి వదిలించి, ఇత్తడి కడ్డీని వంచి కొత్త చెవి చేసి టంకం పెట్టాడు. పాత చెవికీ కొత్త చెవికీ తేడా ఎవరూ చెప్పలేరు. అయినా అట్టముక్క మీద మొదటి మాటే "ఎడమ చెవి కొత్తది, నేను చేసినది" అని రాశాడు.

ఇంత చేసిన మనిషి ఆ ఆట చూడలేదు. ఆ రోజు షెడ్డులో అర్జెంటు ఆర్డరు. ఫోర్‌మన్ ఎవర్నీ బయటికి పోనివ్వలేదు, రేడియో మాత్రం పెట్టుకోమన్నాడు. మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు. ఆఖరి నిమిషంలో ఎదుటివాళ్ళకి పెనాల్టీ దొరికింది. సరిగ్గా అప్పుడే రేడియో గరగరమంది. ఫోర్‌మన్ దాని నెత్తిన రెండు చరిచాడు. గరగర ఆగేసరికి ఆట అయిపోయింది. పెనాల్టీ ఆపిన గోల్‌కీపరు మైనం మామయ్యకి సొంత అన్నయ్య. ఆ రోజు నుంచి ఊరు ఆయన్ని 'గోడ' అని పిలిచింది.

"కళ్ళారా చూడని పెళ్ళికి ఆల్బం కట్టినట్టుంది మీ వ్యవహారం" అని భార్య వేళాకోళం చేసేది. ఆవిడా ఆ షెడ్డులోనే కుట్టేది. పెళ్ళయ్యాక చేరింది, పని ఆయనే నేర్పాడు. రెండేళ్ళకే చెయ్యి ఆయన్ని మించిపోయింది. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

అరలన్నిటికీ మధ్యలో, అద్దం పెట్టెలో, బంతి ఉండేది. పద్దెనిమిది తోలు ముక్కల పాతకాలం బంతి, మట్టిపట్టి నల్లబడిపోయింది. పెనాల్టీ ఆపాక గోడ గుండెలకి హత్తుకుని నిలబడిన ఫొటో అప్పట్లో పేపర్లో పడింది. ఆ ఫొటోలోని బంతి అదే. దాని ముందున్న అట్టముక్క మీద మిగతా వాటిలా పది పంక్తులు లేవు. "అన్నయ్య ఇచ్చాడు" అని రెండు మాటలే.

ఆ బంతి వచ్చిన వైనం ఊళ్ళో అందరికీ తెలుసు. గెలిచిన ఆరేళ్ళకి క్లబ్బు మూతపడింది. సామాను వీధిలో పారేస్తుంటే ఆయన వెళ్ళి ఏరుకొచ్చాడు. చాలావరకు దొరికాయి, బంతి దొరకలేదు. పిచ్చి పట్టినట్టు ఊళ్ళు తిరిగాడు. రిఫరీ ఇంటికెళ్ళాడు, లైన్‌మన్ ఇంటికెళ్ళాడు. షెడ్డుకి నాగాలు పెట్టాడు. "చేతిలో ఉన్న బంతిని ఇంటికి తెచ్చుకోలేకపోయావా" అని అన్నయ్యతో పోట్లాడి మాట్లాడ్డం మానేశాడు. మూడు నెలలయ్యాక ఒక సాయంత్రం అన్నయ్యే సంచీతో వచ్చి, "అటక మీద దొరికింది, తీసుకో" అని చేతిలో పెట్టాడు. అంతే, మళ్ళీ మనిషయ్యాడు.

ఆ అద్దం పెట్టె తుడిచే పని మాత్రం భార్య ఎవరికీ వదల్లేదు. ఆయన్నీ ముట్టుకోనిచ్చేది కాదు. "మీ చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి బాగుచేస్తానంటారు. అది అలాగే ఉండాలి" అనేది. ఆయన కూడా మంచిదేలే అనుకున్నాడు. వచ్చినవాళ్ళకి గొప్పగా చూపించేవాడు. "చూడండి, ముప్పై ఏళ్ళయినా గాలి తగ్గలేదు. ఆ కాలం కుట్టు అది. ఇప్పటివి నెలకే సొట్ట."

వస్తువుల విషయంలో ఆయన మాటంటే మాటే. ఒకసారి బస్సు కండక్టర్ ఒకతను ఎంతో మురిపెంగా ఒక విజిల్ తెచ్చాడు, ఆ ఫైనల్లో రిఫరీ ఊదిందని. గదిలో పదిమంది ఉన్నారు. మైనం మామయ్య దాన్ని కిటికీ వెలుగులో తిప్పి, "అంచు ఇలా మడవడం ఆ ఆట అయిన నాలుగేళ్ళకి గానీ మొదలవలేదు. ఇది దొంగ సరుకు" అన్నాడు. ఎవరో నవ్వారు. కండక్టర్ విజిల్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు.

ఈమధ్య ఊళ్ళో కొత్త క్లబ్బు పెట్టారు. పాత జట్టు గుర్తుగా ఒక గది కట్టారు. ఆదివారం ప్రారంభం. కప్పూ బూట్లూ జెండా అన్నీ ఆయన తన చేత్తోనే అక్కడికి చేర్చాడు. బంతి మాత్రం ఆఖరున. ఎందుకంటే దాని సంగతి వేరు. గోడకి ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ పోయి చక్రాల కుర్చీకి అంటుకుపోయాడు, ఊపిరి కూడా అంతంతమాత్రమే. ఆయన్ని కుర్చీలో తీసుకొచ్చి, ఒళ్ళో బంతి పెట్టి, పాత ఫొటో కింద కొత్త ఫొటో తీయాలని క్లబ్బు సెక్రటరీ ఏర్పాటు. నాలుగు నెలలుగా గోడ ఆ ఒక్క రోజు కోసమే మందులు మింగుతున్నాడు. కోడలు చొక్కా ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలిస్తే, రోజూ దాన్నే చూస్తూ కూర్చుంటున్నాడు.

గురువారం పొద్దున మైనం మామయ్య అద్దం పెట్టె తెరిచాడు. బంతి మెత్తబడి ఉంది. నిజానికి ఏడాదిగా కాస్త కాస్తగా తగ్గుతున్నట్టు ఆయనకి అనుమానమే. భార్య పోయాక ఇంట్లో అన్నీ అలాగే వదులైపోయాయి కదా అని పట్టించుకోలేదు. ఇప్పుడు వేలు పెడితే సొట్ట పడింది. అన్నయ్య ఒళ్ళో సొట్టబంతి పెడతామా?

పంపు తెచ్చి గాలి కొట్టాడు. ఒక పక్క నుంచి బుసబుసమని వచ్చేసింది. లోపలి బ్లాడరు చిరిగింది. మార్చాలంటే ఆఖరి కుట్టు విప్పాలి. ఏ బంతికైనా ఆఖరి కుట్టు బయటి నుంచే వేసి ముడిని లోపలికి లాగేస్తారు. విప్పడం తెలిసినవాడికి అది పది నిమిషాల పని. ఇంకెవరైనా అయితే ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళి ఉండేవారేమో. ముప్పై ఏడేళ్ళు బంతులు కుట్టినవాడు గాలిలేని బంతిని చేతిలోంచి వదల్లేడు.

కొత్త సూది కోసం భార్య కుట్టు డబ్బా తెరిచాడు. అందులో దారాల అడుగున సన్నని గాలి సూది కనిపించింది, పంపుకి తగిలించేది. మొన మైనంతో మెరుస్తోంది. ఇది ఈవిడ డబ్బాలో ఎందుకుందా అనుకుని పక్కన పెట్టాడు.

మోకాళ్ళ మధ్య చెక్క బిగింపు పెట్టుకుని, బంతిని అందులో బిగించి, కిటికీ దగ్గర కూర్చున్నాడు. తోలు గుచ్చే ఆరె మొనతో మొదటి పోగు లేపాడు. రెండోది లేపాడు. మూడో పోగు దగ్గర చెయ్యి ఆగింది. దారం తన కిందనుంచి తనే రెండుసార్లు దూరి వెనక్కి తిరిగింది. షెడ్డులో అలా ముడివేసేవాళ్ళు ఇద్దరే. ఒకడు తను. రెండో మనిషికి తనే నేర్పాడు.

మిగతా కుట్లు విప్పి తోలు ముక్కని మడిచి లోపలి వైపు చూశాడు. షెడ్డులో ప్రతి మనిషికీ ఒక నంబరు. బంతి పగిలి తిరిగొస్తే ఎవరు కుట్టారో తెలియాలి కాబట్టి మూసేముందు గాలి రంధ్రం పక్కన లోపలి తోలు మీద ఆరెతో చుక్కలు గుచ్చాలి. సిరా అయితే చెదిరిపోతుంది, చుక్కలు చెదరవు. పైన రెండు చుక్కలు. కింద ఆరు.

ఇరవయ్యారు.

అది భార్య నంబరు. ఆవిడ షెడ్డులో చేరింది ఆ ఫైనల్ అయిన మూడేళ్ళకి.

పక్కనున్న గాలి సూది వైపు చూశాడు. ముప్పై ఏళ్ళయినా గాలి తగ్గని బంతి. నాలుగు నెలలకోసారో ఆరు నెలలకోసారో, ఆయన బజారుకెళ్ళినప్పుడు, తుడిచే వంకతో ఆవిడ గాలి కొడుతూ వచ్చిందన్నమాట. గాలి తగ్గితే ఈయన విప్పుతాడు. విప్పితే చూస్తాడు.

బంతిని సంచీలో వేసుకుని రెండు వీధుల అవతలున్న అన్నయ్య ఇంటికి నడిచాడు. గోడ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు.

"ఏరా, అప్పుడే తెచ్చేశావ్? ఆదివారం కదా?"

"అన్నయ్యా, ఈ బంతి ఎక్కడిది?"

"ఎక్కడిదేంట్రా. ఫైనల్‌ది."

"లోపల ఇరవయ్యారు ఉంది."

గోడ కోడలి వైపు తిరిగి, "అమ్మా, ఆ తలుపు కాస్త దగ్గరికెయ్యి" అన్నాడు. ఆ అమ్మాయి వెళ్ళాక అన్నాడు: "అయితే విప్పావన్నమాట. నీ పెళ్ళాం అంటూనే ఉండేది. ఎప్పటికైనా విప్పుతారు బావగారూ, ఆయన చేతులు ఊరుకోవు అని."

"అసలు బంతి ఏది?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"పెనాల్టీ కొట్టినవాడికి. తొమ్మిదో నంబరు. పేరు కూడా తెలీదు నాకు." గోడ ఊపిరి కోసం ఆగాడు. "విజిల్ ఊదాక మనవాళ్ళంతా నా మీద పడ్డార్రా. వాళ్ళని తోసుకుని లేచేసరికి వాడా సున్నపు చుక్క మీదే కూర్చునున్నాడు. కుర్రవెధవ, ఏడుస్తున్నాడు. వాళ్ళ జట్టువాళ్ళు ఒక్కడూ దగ్గరికి రాలేదు. బంతి ఇచ్చేశాను."

"ఎందుకిచ్చావ్?"

"ఏమో. అప్పుడు చేతిలో అదే ఉంది."

బయట ఎవరిదో సైకిలు బెల్లు మోగింది.

"నాకు చెప్పొచ్చుగా."

"ఎప్పుడు చెప్పను? భుజాల మీద మోస్తున్నవాళ్ళతో చెప్పనా, గెలిచిన బంతిని ఓడినవాడికి దానం చేశానని? తర్వాత చెబుదాంలే అనుకున్నా. ఆ తర్వాత అనేది ఒక్కసారి దాటిపోయిందంటే మళ్ళీ రాదురా. నువ్వేమో తిండీ తిప్పలూ మాని ఊళ్ళు పట్టుకు తిరిగావ్. నీ పెళ్ళాం వచ్చి ఇక్కడే, ఈ గుమ్మంలో కూర్చుంది. ఉన్నమాట చెప్పాను. విని, పాత తోలు ఎక్కడ దొరుకుతుంది బావగారూ అంది. అంతే."

"ఆవిడ కుట్టు నాకు తెలీదా? ఎలా పోల్చుకోలేకపోయాను?"

"పాతవాళ్ళలా ఎడం ఎడంగా కుట్టింది. నెలరోజులు మట్టిలో తన్నాను నేను. నూనె రాసింది, మసి రాసింది. అయినా నువ్వు చూస్తే కదా? లోకంలో అందరి సరుకూ కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తావ్. నేనిచ్చింది చూడలేదు."

మైనం మామయ్య సంచీ అంచు నలుపుతూ కూర్చున్నాడు. "మరి నంబరెందుకు వేసింది?"

"నేనొద్దన్నాను. గుర్తు లేకుండా మూసెయ్యమ్మా అని బతిమాలాను. నోటితో ఎన్నైనా చెబుతాను బావగారూ, గుర్తు లేని బంతి నా చేతిలోంచి వెళ్ళదు అంది." గోడ చెయ్యి చాచి తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు. ఒకప్పుడు ఆ చేతులు పలకల్లా ఉండేవి. ఇప్పుడు ఎముకలు తగిలాయి. "ఒరేయ్, కుట్టెయ్. ఆదివారం ఒక్క ఫొటో. ఆ తర్వాత తగలబెట్టుకో, నేనడగను. తొమ్మిదో నంబరు మాట మాత్రం బయట పెట్టకు. నేను పోయాక కూడా పెట్టకు. నవ్విపోతారు."

"ఆ గదిలో పెట్టే ప్రతి వస్తువుకీ నా మాటే పూచీ అన్నయ్యా."

"నీ పూచీ నీ ముందు గదిలో పెట్టుకో. నా ఒళ్ళో బంతి పెట్టు."

ఆ రోజూ మర్నాడు పొద్దున్నా ఆయన దేనికీ కుదురుగా కూర్చోలేకపోయాడు. విప్పిన బంతి బల్ల మీద నోరు తెరుచుకుని ఉంది. కుట్టెయ్యడం ఎంతసేపు? పది నిమిషాలు. అన్నయ్యకి ఇంకెన్నాళ్ళుందో తెలీదు. ముప్పై నాలుగేళ్ళు మోసిన అబద్ధాన్ని ఇంకో ఆదివారం దాకా మొయ్యలేడా? అనుకుని దారానికి మైనం పట్టించి, సూదిలోకి ఎక్కించేవాడు. ఆ చుక్కలు కనిపించేవి. తన కోసం అంత అబద్ధం ఆడిన మనిషి, తను విప్పే రోజు ఒకటి వస్తుందని తెలిసి కూడా నంబరు వేసింది. ఆ నంబరు మీద ఫైనల్ బంతి అని అట్టముక్క పెడితే, ఆవిడ చేసిన ఒక్క నిజమైన పనినీ తను చెరిపేసినట్టవుతుంది. సూది కింద పెట్టేసేవాడు.

శుక్రవారం మధ్యాహ్నం క్లబ్బుకి వెళ్ళాడు. సెక్రటరీ నిచ్చెన మీదున్న మనిషికి బల్బులు అందిస్తున్నాడు.

"రండి మామయ్యా, మన హీరో ఏడీ? సంచీలో ఉన్నాడా?"

"ఇది ఫైనల్ బంతి కాదు బాబూ. తర్వాత కుట్టింది. నకలు. అలా రాసి పెడతానంటే ఇస్తాను."

సెక్రటరీ ముఖంలో నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన్ని చెయ్యిపట్టుకుని మూలకి తీసుకెళ్ళాడు. "ఎవరన్నారు?"

"నేనే. లోపల గుర్తుంది."

"లోపలే కదా? లోపలికెవడు దూరి చూస్తాడు? మీరు నోరు విప్పకపోతే ఎవరికి తెలుస్తుంది మామయ్యా? పిలుపులు పంపేశాం, పేపరువాళ్ళు వస్తున్నారు. మీ అన్నయ్యగారి మొహం చూసైనా…"

"ఆయన మొహం చూసే వస్తున్నాను."

"నకలు పెట్టుకోడానికి గది కట్టామా? బజార్లో కొనుక్కోలేమా? పోనీ అసలుది ఏమైంది?"

"తెలీదు" అన్నాడు మైనం మామయ్య. ఒక వస్తువు సంగతి తెలిసీ తెలీదనడం జన్మలో ఆయనకి అదే మొదటిసారి.

సాయంత్రానికి ఊరంతా పాకింది. ఒక కుట్టు తెగితే పక్క కుట్లు ఎలా వదులవుతాయో మాటలూ అలాగే అయ్యాయి. అసలు బంతిని ఆయనే దాచుకుని నాటకమాడుతున్నాడని కొందరన్నారు. బంతే దొంగదైతే బూట్లు మాత్రం నిజమని ఏమిటి నమ్మకం అని ఇంకొందరు. మూడు దశాబ్దాలు ఆయన రాసిన అట్టముక్కలన్నీ ఒక్క పూటలో ఒట్టి అట్టముక్కలయ్యాయి.

శనివారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే కండక్టర్. జుట్టు పూర్తిగా నెరిసింది. లోపలికొచ్చి ఖాళీ అరలు చూస్తూ నిలబడ్డాడు.

"ఎత్తిపొడవడానికి వచ్చావా?" అన్నాడు మైనం మామయ్య.

"రాకూడదా? ఎన్నేళ్ళ బాకీ మీకు." బల్ల మీది విప్పిన బంతిని చూసి, అడక్కుండానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆ విజిల్ మా నాన్న ఇచ్చాడు మామయ్యా. తాగినప్పుడొక కథ, తాగనప్పుడొక కథ చెప్పేవాడు. దొంగదని నాకు ముందే తెలుసు."

"తెలిసి ఎందుకు తెచ్చావ్?"

"మీరు మెల్లిగా చెబుతారేమో అనుకున్నా."

"టీ పెట్టనా?" అన్నాడు మైనం మామయ్య.

"వద్దులెండి, డ్యూటీ ఉంది" అని కండక్టర్ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "కుట్టు బాగుంది. ఎవరు కుట్టారో గానీ" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం మైనం మామయ్య అందరి వెనకా ద్వారబంధానికి చేరబడి నిలబడ్డాడు. గదిలో దీపాలు బాగా పెట్టారు. కప్పు అద్దాల వెనక మెరుస్తోంది. ముందున్న అట్టముక్క కొత్తది, ఎడమ చెవి మాట ఎత్తేశారు. మధ్యలో బంతి కోసం చేయించిన పీట మీద పూలకుండీ పెట్టారు. ఇస్త్రీ చొక్కాలో అన్నయ్యని కుర్చీ మీద తోసుకొచ్చింది కోడలు. చప్పట్లు కొట్టారు. పాత ఫొటో కింద కుర్చీ ఆపారు.

ఫొటోగ్రాఫరు కొత్తవాడు, సంగతి తెలియనివాడు. "పెద్దాయనా, పైన ఫొటోలో ఉన్నట్టే పెట్టండి చేతులు" అన్నాడు.

సెక్రటరీ ఏదో చెప్పబోయాడు. అంతలోనే గోడ రెండు చేతులూ ఎత్తి గుండెల మీదికి తెచ్చాడు. వేళ్ళు బంతి మందానికి వంగి ఆగాయి. మధ్యలో ఏమీ లేదు. కెమెరా మెరిసింది. ఆ చేతులు ఇంకాసేపు అలాగే ఉండిపోయాయి. దింపాలన్న సంగతి మర్చిపోయినట్టున్నాడు, కోడలు వచ్చి మెల్లిగా దించాల్సి వచ్చింది.

బయటికి వచ్చేటప్పుడు మైనం మామయ్య కుర్చీకి అడ్డంగా వెళ్ళి వంగాడు. "అన్నయ్యా."

గోడ తమ్ముణ్ణి చూడలేదు. "పోదాం పదమ్మా, ఎండెక్కింది" అన్నాడు కోడలితో.

మైనం మామయ్య ఇంటికొచ్చి చొక్కా విప్పి, చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర కూర్చున్నాడు. కొత్త బ్లాడరు లోపల సర్దాడు. ఆవిడ విడిచిన రంధ్రాల్లోంచే సూది పోనిచ్చాడు, ఒక్కటి కూడా కొత్తగా గుచ్చలేదు. ఆఖరి ముక్క మడిచే ముందు ఆరె చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టేశాడు. షెడ్డు పద్ధతి ప్రకారం మరమ్మతు చేసినవాడు గుర్తు వెయ్యడు. బంతి మొదట కుట్టినవాళ్ళదే.

మూసి, గాలి కొట్టి, అద్దం పెట్టెలో పెట్టాడు. "అన్నయ్య ఇచ్చాడు" అన్న అట్టముక్క తీసి, వెనక్కి తిప్పి, ఇరవయ్యారు అని రాశాడు. ఇంకేం రాయాలో ఆలోచించి కలం మూసేశాడు.

అద్దం వేసే ముందు కుట్టు మీద ఒకసారి బొటనవేలు పోనిచ్చాడు. ఆవిడ కుట్లు అన్నీ ఒకే బిగువు. చివరి ఐదూ తనవి. వాటి దగ్గర వేలికి వదులు తెలుస్తోంది. విప్పి మళ్ళీ కుట్టాలి. రేపు పొద్దున చూడాలి.